మనూర్ మలుపు కాడి గోడ

నీలమ్మ చాట చంకన పెట్టుకుని బయటికొచ్చేసరికే ఫకీర్ మియా గోడకు సగం దాకా సున్నం కొట్టేశాడు. తెల్లటి చుక్కలు జారి, ఆమె పొద్దున్నే అలికిన వాకిట్లో పడుతున్నాయి.

"ఏం చేస్తున్నవ్ చాచా?"

ముసలాయన వెనక్కి తిరగలేదు. కుంచెను బకెట్లో ముంచి, అంచుకు రెండు వైపులా తుడిచి, మళ్లీ గోడకు ఆనించాడు.

"కనవడ్తలేదా? ఎలక్షన్లు దగ్గర పడ్డయి. పటేళ్ల బంగ్లాకు గోడ ఆపుతున్న. నర్సింగ్ పంపిండు."

ముందుగా సున్నం కొట్టి మూలన పార్టీ పేరు రాసిపెడితే, ఎన్నికలయ్యేదాకా అవతలి పార్టీ ఆ గోడ జోలికి రాకూడదు. నారాయణఖేడ్‌లో అందరూ ఒప్పుకున్న కట్టుబాటు అది. హమాలీ బస్తీలో నీలమ్మ ఇంటి పక్కగోడకున్నంత గిరాకీ ఇంకే గోడకూ లేదు. మనూర్ వైపు పోయే బస్సులు సరిగ్గా దాని ముందే వేగం తగ్గించి మలుపు తిరుగుతాయి. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు ఇష్టమున్నా లేకపోయినా దాన్ని చదవాల్సిందే.

"నన్నడిగినవా?" అంది నీలమ్మ.

కుంచె ఆగింది. "ఏమడగాలె?"

"రాయాల్నా, వద్దా అని."

ఫకీర్ మియా నవ్వాడు. పళ్లు లేని చోట గాలి పోయింది. "మీ మామ ఉన్నప్పటి సంది రాస్తున్న బేటీ. ఆయనే నిచ్చెన పట్టుకునెటోడు. అప్పుడు బంగ్లోళ్ల గుర్తు వేరే. పెద్ద పటేల్ పార్టీ మారిండు, పాతది చెరిపి కొత్తది ఏసిన. మల్ల మారిండు, మల్ల ఏసిన. గుర్తు మారింది గని గోడ మారలే. ఎవ్వలూ అడగలే, ఎవ్వలూ వద్దనలే."

"ఆ గోడ కూలిపోయింది చాచా. ఇది నేను కట్టిన గోడ."

అది ఆయనకూ తెలుసు. పోయినేటి ముసురుకు పాత మట్టిగోడ కట్టేసిన మేకల మీద కూలింది. నీలమ్మ, ఆమె భర్త బాలప్ప సాయం అడగడానికి బంగ్లా గేటు దగ్గర ఎన్ని పొద్దులు కూర్చున్నా పటేల్ హైదరాబాద్‌లో ఉన్నాడనే చెప్పారు. ఎండాకాలమంతా నీలమ్మ మేస్త్రీ ఎల్లప్ప దగ్గర కూలికి పోయి, కూలికి బదులు ఇటుకలు తెచ్చుకుంది. ఎల్లప్ప గోడ లేపితే, కింది సగం ఆమే మెత్తింది. దగ్గరగా చూస్తే సిమెంటులో ఆమె వేళ్లు పోయిన గీతలు ఇంకా కనబడతాయి. ఇప్పుడా గీతలు సున్నం కిందికి పోయాయి.

ఆమె చాట కింద పెట్టింది. లోపలికి పోయి బిందె ఎత్తుకొచ్చి, తడి సున్నం మీద నీళ్లు కుమ్మరించింది. కొబ్బరిపుల్లల చీపురు తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. పాల లాంటి నీళ్లు కాలువలోకి పారాయి. ఫకీర్ మియా పక్కకు జరిగి, బకెట్ తడవకుండా ఎత్తి పట్టుకున్నాడు.

"నా పొట్ట మీద కొడుతున్నవ్. ఫ్లెక్సీలొచ్చినంక నాకు మిగిలిందే గోడల పని."

"నీ పొట్ట మీద ఎందుకు కొడ్త చాచా? అడుగుమన్న, అంతే."

"నేనెవన్ని అడిగెటందుకు? పంపినోడు అడగాలె."

"అయితే పంపినోణ్ణే రమ్మను."

గోడ మళ్లీ సిమెంటు రంగుకు వచ్చేదాకా ఆమె రుద్దుతూనే ఉంది. అప్పటికి గల్లీలో అన్ని గడపల్లోనూ మనుషులు నిలబడ్డారు.

*

ఆమె కన్నా ముందే మాట మార్కెట్ యార్డుకు చేరింది.

పెసల రాశుల మధ్య ఆడవాళ్లు తూర్పారబడుతున్నారు. నీలమ్మ ఎప్పుడూ ఖుర్షీద్ బేగం పక్కన కూర్చుంటుంది. ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు. ఒకే రాశి దగ్గర ఏళ్ల తరబడి చాటలు ఆడించారు. ఇవాళ ఖుర్షీద్ తన చాట తీసుకుని రాశికి ఆ పక్కకు పోయి కూర్చుంది.

షెడ్డు చివర హమాలీలు లారీకి సంచులు ఎక్కిస్తున్నారు. బాలప్ప వంగి, మెడ మీద సంచి పడగానే ఒక్క మూలుగు మూలిగి లారీకి ఆనించిన పలక ఎక్కుతున్నాడు. హమాలీ సంఘం పెద్ద నర్సింగ్ కాంటా దగ్గర తూకం వేసే దడ్వాయితో మాట్లాడుతున్నవాడు చేయి ఊపి అతన్ని పిలిచాడు. యార్డులో ఎవరికి ఏ లారీ అనేది నర్సింగే చెబుతాడు. బస్తీలో ఏ ఓటు ఎటు అనేది కూడా అతనే చెబుతాడు. నర్సింగ్ చేయి బాలప్ప భుజం మీద పడడం నీలమ్మ దూరం నుంచి చూసింది. మాట్లాడినంతసేపూ ఆ చేయి అక్కడే ఉంది.

బాలప్ప తలకు చుట్టుకున్న తువ్వాల విప్పుకుంటూ వచ్చాడు. మెడ మీద పెసల దుమ్ము చెమటకు ముద్దగా అంటుకుని ఉంది.

"ఏం చేసినవే పొద్దుగాల?"

"గోడ కడిగిన."

"ఎందుకు?"

"అడగకుంట సున్నం కొట్టిండు."

బాలప్ప చుట్టూ చూశాడు. చాటల చప్పుడు ఆగిపోయింది. అందరూ వింటున్నారు. "పొయ్యి ఫకీర్ మియాకు చెప్పు. పొరపాటైంది, రాసుకోమను."

"నేను చెప్ప."

"అయితే నేనే చెప్త."

"చెప్పు. మల్ల కడుగుత."

అతను ఇంకో మాట అనబోయి, పలక దగ్గర తన వంతు వచ్చిందని ఎవరో కేకేస్తే పోయాడు.

మధ్యాహ్నం సద్ది విప్పుకున్నప్పుడు ఖుర్షీద్ దగ్గరికొచ్చింది. కూర్చోలేదు, నిలబడే మాట్లాడింది.

"మిల్లోళ్లు గెలిచిన ఏడు యాదికున్నదా నీకు?"

నారాయణఖేడ్‌లో పార్టీలు ఎన్ని ఉన్నా, బస్తీవాళ్ల నోట్లో రెండే. ఒకటి బంగ్లా, ఇంకోటి మిల్లు. పటేళ్లు ఒక దిక్కు, నూనెమిల్లు అన్నదమ్ములు ఒక దిక్కు. జెండాలు ఎన్ని మారినా ఎమ్మెల్యే ఆ రెండిళ్లలో నుంచే వచ్చాడు.

"యాదికుంది," అంది నీలమ్మ.

"మన గల్లీ ఓట్లు అటు పోయినయని బంగ్లోళ్లు నల్ల నీళ్లు బంద్ పెట్టిచ్చిన్రు. గెలిచింది మిల్లోళ్లు, గని సర్పంచ్ బంగ్లా మనిషి. ఎండాకాలమంత నేను కడుపుతోని ఉండి చెర్వు దాకా బిందె మోసిన. ఒక్క మిల్లోడన్న వచ్చి చూసిండా? తప్పు నీదే కావచ్చు, నాదే కావచ్చు, దాహం మాత్రం అందరిది. నీ గోడ కోసం మేమెందుకు ఎండాలె?"

"నేను ఓటు గురించి మాట్లాడలే ఆపా. గోడ గురించి చెప్పిన."

"గోడకు, ఓటుకు ఫరకేముంది ఈడ?"

నీలమ్మ రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని నమిలింది. ఖుర్షీద్ పోయి తన వాళ్లలో కూర్చుంది.

*

సాయంత్రం బాలప్ప ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోలేదు. అరుగు మీద కూర్చుని, పొద్దున కడిగిన గోడ వైపే చూస్తున్నాడు. లోపల కూతురు అంకిత ఇంటర్ పుస్తకం ముందేసుకుని, చదువుతున్నట్టే ఉండి, చెవులు ఇటే పెట్టింది.

"ఈ ఇల్లు ఎట్లొచ్చింది మనకు?" అన్నాడు బాలప్ప.

"పట్టా ఇస్తే వచ్చింది."

"ఎవరిచ్చిన్రు?"

"పెద్ద పటేల్."

"మా నాయన ఆయన ఎంబడి ఊరూరు తిరిగిండు. బోరంచ జాతరల, నాగల్‌గిద్ద అంగట్ల, యాడ మీటింగ్ పెడితె ఆడ జనం కూసునెటందుకు దరి మోసిండు. గందుకు ఇచ్చిండు. ఊకె ఇయ్యలే."

"పట్టా ఎవరి పేరు మీద ఇచ్చిండు?"

బాలప్ప తువ్వాలతో కాళ్ల దుమ్ము దులుపుకున్నాడు.

"నా పేరు మీదనే గద? ఆడోళ్ల పేరు మీదనే ఇస్తున్నమని మీటింగ్‌ల చెప్పి, నన్ను స్టేజి ఎక్కిచ్చి ఫోటో దిగిండు. నా పేరు మీద ఇచ్చినోడు నన్నే అడగాలె గద."

"మాటలు బాగ నేర్చినవ్."

"నేనేం నేర్వలే. నువ్వడిగినవ్, చెప్పిన."

బాలప్ప లేచి కాలితో బకెట్‌ను తన్నాడు. అది దొర్లి గోడకు తగిలి ఆగింది. "సంఘంల నాకున్న బిల్ల నర్సింగ్ చేతిల ఉంది. గది పోయినంక నువ్వూ నీ గోడా నన్ను సాకుతరా?"

యార్డులో బరువు మోయాలంటే చేతికి కట్టుకునే ఇత్తడి బిల్ల ఉండాలి. బాలప్పకు అది తండ్రి నుంచి వచ్చింది. నీలమ్మ బకెట్ తెచ్చి నిలబెట్టింది. అన్నం వడ్డిస్తే అతను తినలేదు. కంచం మీద మూత పెట్టింది.

*

మర్నాడు మిల్లోళ్లు వచ్చారు. ముగ్గురు మనుషులు జీపు దూరంగా ఆపి, నడిచి వచ్చి, చెప్పులు వాకిలి బయటే విప్పారు. మిల్లు అన్నదమ్ముల్లో చిన్నవాడి బామ్మర్ది చేతిలో మిఠాయి డబ్బా ఉంది.

"అమ్మా, నీ ధైర్యం విన్నం. ఈ బస్తీల గసుంటి మనిషి ఉన్నదని మాకు తెల్వనే తెల్వదు. అడగకుంట ఎట్ల రాస్తరు? తప్పు గద? మేమైతే అడుగుతున్నం. నీ గోడ మీద మా గుర్తు రాసుకుంటం."

నీలమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంది. డబ్బా తీసుకోలేదు.

"అడిగిన్రు కాబట్టి చెప్తున్న. వద్దు."

అతని నవ్వు మొహం మీద ఇంకా అలాగే ఉంది. "అంటే, బంగ్లోళ్లకు ఇస్తవా?"

"ఎవ్వలకూ ఇయ్య."

"మరి అడుగుమంటివి?"

"అడిగితె ఊ అనాల్నని అనలే గద."

అతను డబ్బాను పక్కవాడి చేతికిచ్చాడు. చెప్పులు వేసుకుంటూ, ఆమెకు వినపడేలాగే అన్నాడు: "ఈ బస్తీకి తన్నెటోడే మొగుడు. మనది బుద్ధి తక్కువ."

మిల్లోళ్లు బాలప్ప ఇంటికి వచ్చారన్న సంగతి సాయంత్రానికి బస్తీలో వేరే రూపం తీసుకుంది. నీలమ్మ మిల్లోళ్లతో బేరం పెట్టిందని, అంకితకు ఉద్యోగం అడిగిందని, రేపో మాపో వాళ్ల కండువా కప్పుకుంటుందని. మిఠాయి తిన్నదని చూసినట్టే చెప్పినవాళ్లు కూడా ఉన్నారు. నల్ల దగ్గర ఆమె బిందెను ఎవరో కాలితో వెనక్కి జరిపారు. ఆమె మళ్లీ ముందుకు పెట్టింది. మళ్లీ జరిపారు. చివరికి అందరివీ నిండి, నీళ్లు సన్నగా పడే వేళకు ఆమెకు వంతు వచ్చింది. బిందె నిండేదాకా అక్కడ ఆమె ఒక్కతే నిలబడింది.

యార్డులో రాశి దగ్గర చోటు లేదన్నారు. ఇంకో రాశి దగ్గరికి పోతే అక్కడా లేదన్నారు. చోటు కళ్ల ముందే కనబడుతోంది. చాట బోర్లించుకుని షెడ్డు మెట్ల మీద కూర్చుంది. ఎదురుగా బాలప్ప కూడా ఖాళీగానే కూర్చున్నాడు. లారీలు వస్తున్నాయి, నర్సింగ్ పేర్లు పిలుస్తున్నాడు, బాలప్ప పేరు రావడం లేదు. సంచులెత్తే కొక్కేన్ని అతను వేలికి తగిలించుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. భార్య వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

మధ్యలో చాయ్ హోటల్ దగ్గర ముసలి హమాలీ సంగయ్య అతనితో అంటున్న మాటలు ఆమెకు వినపడ్డాయి.

"మా తరంల బండ్ల మీద ఎక్కిచ్చుకపొయ్యి, ఎవ్వలకు ఓటు గుద్దాల్నో చూపిచ్చి గుద్దిచ్చెటోళ్లు. తర్వాత చెరుకు కొట్టెటందుకు పోయినోళ్లను బస్సులు పెట్టి తెచ్చిన్రు. ఇప్పుడు ఫోన్ చేస్తున్రు. గంతే ఫరక్. మనం అప్పుడూ ఊ అన్నం, ఇప్పుడూ ఊ అంటున్నం. నీ పెండ్లానికి గీ సంగతి జర సమజయ్యెటట్టు చెప్పు."

"ఇనదు," అన్నాడు బాలప్ప.

"ఇనేటట్టు చెప్పాలె. చెయ్యి లేదా నీకు?"

బాలప్ప చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

*

రెండ్రోజులకు నర్సింగే ఇంటికి వచ్చాడు. అరుగు మీద కాలు పెట్టి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. బాలప్పతోనే మాట్లాడాడు. నీలమ్మ గడపలో నిలబడి ఉన్నా ఆమె వైపు తిరగలేదు.

"రేపు చిన్న పటేల్ మన బస్తీకి పాదయాత్ర పెట్టుకుండు. ఈ లొల్లి ఆయన దాకా పోయింది. ఆయన పెద్ద మనసు, 'నేనే పొయ్యి అడుగుత' అన్నడు. చూడు, పెద్ద పటేల్ కొడుకు, హమాలీ ఇంటికొచ్చి అడుగుతడు. ఎప్పుడన్న అయిందా గీ ముచ్చట? అడుగుతడు, మీ ఆమె ఊ అంటది, ఫకీర్ మియా రాస్తడు. ఫోటో దిగుతరు. ఎల్లుండి సంది నీకు లారీ ఉంటది."

"ఊ అనకపోతె?" అంది నీలమ్మ.

నర్సింగ్ అప్పుడు కూడా బాలప్పనే చూశాడు. "బిల్ల కోసం మనూర్ నుంచి ఇద్దరు పోరలు తిరుగుతున్రు బాలప్పా. గట్టి పోరలు. మా నాయనా మీ నాయనా కలిసి మోసిన్రని ఇన్ని దినాలు ఓపిక పట్టిన."

అతను పోయాక బాలప్ప అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత, ఈ నాలుగు రోజుల్లో మొదటిసారి, గొంతు తగ్గించి అడిగాడు. "అడిగితె ఊ అంటవ్ గద? నువ్వు కోరిందే గది."

నీలమ్మ నిజంగానే ఆలోచించింది. తనకు పట్టింపు ఉన్నది అడగడం దగ్గరే. అది తీరాక ఇంక మొండికేయడానికి ఏముంది? నీళ్లు, చాట, అతని బిల్ల, అంకిత కాలేజీకి పోతుంటే గల్లీలో వినపడే మాటలు. అన్నీ ఒక్క 'ఊ'తో సర్దుకుంటాయి.

"అంట," అంది.

బాలప్ప తల ఊపాడు. ఆ రోజు పెట్టిన అన్నమంతా తిన్నాడు.

*

డప్పులు ముందు వచ్చాయి. వాటి వెనక కండువాలు. వాళ్ల మధ్య చిన్న పటేల్. పేరు దత్తు. మొన్నటిదాకా హైదరాబాద్‌లో వ్యాపారం చేసుకున్నవాడు. తండ్రికి మోకాళ్ల నొప్పులు వచ్చాక ఊరికి తిరిగొచ్చాడు. తెల్లచొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు. గడపగడపకూ వంగి దండం పెడుతున్నాడు. ముసలివాళ్లను పేరు పెట్టి పిలుస్తున్నాడు. నర్సింగ్ పక్క నుంచి చెవిలో పేర్లు అందిస్తున్నాడు.

మలుపు దగ్గరికి వచ్చేసరికి డప్పులు ఆపించారు. ఫోన్లు పైకి లేచాయి. గోడ పక్కన ఫకీర్ మియా సున్నం బకెట్‌తో సిద్ధంగా నిలబడి ఉన్నాడు. నీలమ్మ ఉతికిన చీర కట్టుకుని గడపలో ఉంది. బాలప్ప అరుగు కింద, తువ్వాల రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఖుర్షీద్ తన గడప దాటి రెండడుగులు ముందుకొచ్చింది.

"నీలమ్మా," అన్నాడు దత్తు పటేల్. గొంతు మెత్తగా ఉంది. "మావోళ్లు అడగకుంట గోడ ముట్టుకున్నరని నీకు కోపమొచ్చిందంట. న్యాయమే. నువ్వు మా అక్క లెక్క. అందుకే నేనే వచ్చిన. అందరి ముంగట అడుగుతున్న. నీ గోడ మీద మన గుర్తు..."

అడుగుతూనే అతను ఎడమ చెయ్యి వెనక్కి పెట్టి, రెండు వేళ్లు ఆడించాడు. కానియ్యమన్నట్టు. అతని కళ్లు నీలమ్మ మీదే ఉన్నాయి, నవ్వు ఆమె వైపే ఉంది. ఆ వేళ్లు మాత్రం ఫకీర్ మియాకు చెబుతున్నాయి. ముసలాయన కుంచె ముంచాడు. ఆమె ఊ అనకముందే, ఆమె చూస్తుండగానే, సున్నం కారుతున్న కుంచె గోడ దాకా లేచింది.

నాలుక చివర దాకా వచ్చిన 'ఊ' అక్కడే ఆగిపోయింది.

"వద్దయ్యా," అంది నీలమ్మ.

చాలా నెమ్మదిగానే అంది. వెనక నిలబడ్డవాళ్లకు వినపడక, ఊ అనే అనుకుని ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. కుంచె గోడకు బెత్తెడు దూరంలో నిలిచింది. సున్నం చుక్కలు ఫకీర్ మియా మోచేతి మీదుగా కారుతున్నాయి.

దత్తు పటేల్ నవ్వు చెదరలేదు. ఒక్క క్షణం ఆమెనే చూసి, బాలప్ప వైపు తిరిగాడు. ఆమె అక్కడ లేనట్టే తిరిగాడు.

"బాలప్పా, ఆడోళ్లు ఏదో అంటరు. మీ నాయన మా నాయన చెయ్యి పట్టుకుని తిరిగిండు. ఇంటి పెద్దవు నువ్వు. నువ్వు చెప్పు. రాసుకోమంటవా?"

నర్సింగ్ బాలప్పకు కళ్లతోనే సైగ చేశాడు. గల్లీ మొత్తం బాలప్పను చూసింది. అతను తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. నీలమ్మ అతని వీపునే చూస్తోంది. బరువు మోసి మోసి ఒక భుజం కిందికి దిగిన వీపు. ఇప్పుడు అతను సరే అంటాడు. అలా అంటే తను చేయగలిగేదేమీ లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"ఆమె చెప్పె గద పటేలా," అన్నాడు బాలప్ప.

"నేను నిన్నడుగుతున్న."

"ఇంటున్న. చెప్పె గద ఆమె."

దత్తు పటేల్ రెండు చేతులూ జోడించాడు. "మంచిది. ఎవరి ఇష్టం వాళ్లది. ప్రజాస్వామ్యం గద," అని ఫోన్ల వైపు చూసి అన్నాడు. డప్పులు మళ్లీ మొదలయ్యాయి. గుంపు పక్క గల్లీలోకి తిరిగింది. నర్సింగ్ ఒక్కడే ఆగి, బాలప్ప ముందు చెయ్యి చాపాడు. బాలప్ప చొక్కా చెయ్యి పైకి జరిపి, దారం ముడి పళ్లతో విప్పి, బిల్ల అతని చేతిలో పెట్టాడు. అది కట్టి ఉన్న చోట చర్మం తెల్లగా ఉంది.

లోపలికి వచ్చాక నీలమ్మ నీళ్లిచ్చింది. అతను తాగి చెంబు కింద పెట్టాడు.

"నీ కోసం అనలే," అన్నాడు.

"మరి?"

"నాకు తెల్వదు. పో అవతల. నన్ను పలకరియ్యకు."

*

గోడ జోలికి ఎవరూ మళ్లీ రాలేదు. దాని ముందు, రోడ్డు అంచున గుంటలు తవ్వి ఇనుప పైపులు పాతారు. వాటి మీద ఇంటికన్నా ఎత్తుగా ఫ్లెక్సీ నిలబెట్టారు. రోడ్డు వైపు దత్తు పటేల్ చేతులు జోడించి నవ్వుతున్నాడు. ఇంటి వైపు మాసిన బట్టలాంటి దాని వీపు. కిటికీ పూర్తిగా మూసుకుపోయింది. గడపలో నుంచి మనిషి పక్కకు తిరిగి వంగి పోవాల్సిందే. పగలే లైటు వేసుకుని అంకిత చదువుకోవాల్సి వచ్చింది.

"ఇదేంది?" అని నీలమ్మ అడిగితే నర్సింగ్ మొదటిసారి ఆమె వైపు చూసి మాట్లాడాడు. "గోడ నీది. నీకే ఇడిసినం. జాగ రోడ్డుది. దానికి నిన్నేమడిగేది?"

గాలి వచ్చినప్పుడల్లా ఆ బట్ట గోడకు కొట్టుకుని చప్పుడయ్యేది. బస్సులోంచి చూసేవాళ్లకు గోడ లేదు, ఇల్లు లేదు, నవ్వే మొహం ఒక్కటే ఉంది. బస్తీలో కొందరు, ఇదే కావాల్సింది, అన్నారు. యార్డులో బాలప్ప బిల్ల మనూర్ పిల్లవాడి చేతికి పోయింది. నీలమ్మ చాటకు ఏ రాశి దగ్గరా చోటు దొరకలేదు. నాగల్‌గిద్ద అవతల, కర్ణాటక హద్దులో, సోయా కోతలకు మనుషులు కావాలంటే, మొగుడూ పెండ్లాం ఇద్దరూ కొడవళ్లు పట్టుకుని షేర్ ఆటోల్లో పోసాగారు. అక్కడి రైతు కన్నడంలో కేకలేస్తాడు. బాలప్పకు వంగి కోసే పని అలవాటు లేదు. నడుము పట్టుకుని నిలబడి పక్క చాలు వైపు చూసేవాడు. నీలమ్మ తన చాలు ముగించుకుని, మాట్లాడకుండా అతని చాల్లోకి వచ్చి అటు నుంచి కోసుకొచ్చేది. మొదటి రోజు అతను అక్కర్లేదన్నాడు. తర్వాత అనలేదు.

అలా పోతున్న రోజుల్లోనే ఒక పొద్దున, ఇద్దరూ ఫ్లెక్సీ పైపుల పక్కన ఆటో కోసం నిలబడి ఉన్నారు. ఫకీర్ మియా నిచ్చెన భుజాన వేసుకుని, బకెట్ పట్టుకుని వచ్చాడు. వాళ్లను చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. ఖుర్షీద్ బేగం ఇంటి ముందు నిచ్చెన దించాడు. ఆమె గోడ చిన్నదే, గల్లీలోకి ఉంటుంది. ప్రతి ఎన్నికకూ దాని మీదా గుర్తు పడాల్సిందే.

ఆయన బకెట్ కింద పెట్టాడు. కుంచె తీయలేదు. గడప దగ్గరికి పోయి, గొంతు సవరించుకున్నాడు.

"ఖుర్షీద్. ఓ ఖుర్షీద్."

"ఏంది?" లోపల నుంచి.

"బంగ్లా గుర్తు రాసెటందుకొచ్చిన." కాసేపు ఆగాడు. తర్వాతి మాట అనడం ఆయనకు రావడం లేదు. "లొల్లి వద్దు, అడిగి రాయమన్నరు. రాయాల్నా?"

ఖుర్షీద్ బయటికొచ్చింది. చేతులకు పిండి ఉంది. ముందు ఆయన్ను చూసింది, తర్వాత నిచ్చెనను, తర్వాత తన గోడను. ఆ గోడను ఎప్పుడూ చూడనట్టు అటు చివర నుంచి ఇటు చివర దాకా చూసింది. ఫ్లెక్సీ పక్కన నిలబడ్డ నీలమ్మ వైపు మాత్రం చూడలేదు. పిండి చేతులు ఒకదానికొకటి రాసుకుంటూ అలాగే నిలబడింది.

"చెప్పు మరి," అన్నాడు ఫకీర్ మియా.

"ఏంది తొందర? అడిగినవ్ గద. ఆగు."

ఆటో వచ్చి మలుపులో ఆగింది. అప్పటికే నిండా మనుషులున్నారు. డ్రైవర్ హారన్ కొట్టి, ఎక్కండి, ఎక్కండి, జల్దీ, అంటున్నాడు. నీలమ్మ కొడవలి కొంగులో చుట్టుకుని ఒక కాలు లోపల పెట్టింది. బాలప్ప ఎక్కలేదు. ఆటో కడ్డీని ఒక చేత్తో పట్టుకుని, ఖుర్షీద్ ఇంటి వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఎక్కు పెద్దాయనా, టైమైతుంది," అన్నాడు డ్రైవర్.

"జర ఆగు," అన్నాడు బాలప్ప. "ఆమె ఏమంటదో ఇననీ."